ఇంటి కేకు, పొదిలి ఎండ

ఒంగోలు నుంచి మార్కాపురం పోయే రోడ్డు మీద, ఒంగోలుకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో పొదిలి ఉన్నది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు ఇది నెల్లూరు జిల్లాలోని ఒక తాలూకాకు ముఖ్యపట్టణం. చుట్టూ మెట్ట పొలాలు. పొగాకు, మిర్చి, పత్తి, కంది ఇక్కడి రైతుకు ఆధారం. పొగాకు బోర్డువారి వేలం కేంద్రం ఈ ఊళ్లోనే ఉన్నది. వేసవి ముఖం పట్టేసరికి వేలం సాగుతూ ఉంటుంది. మిర్చి కూడ ఆ రోజులలోనే కల్లాలలో ఎండి గుంటూరు యార్డుకు చేరుతుంది. కాబట్టి ఈ ప్రాంతంలో చేతిలో నాలుగు డబ్బులు ఆడే కాలం ఎండాకాలమే. పెళ్లిళ్లు, వేడుకలు ఘనంగా జరిగేదీ అప్పుడే. మధ్యాహ్నపు ఉష్ణోగ్రత సెంటిగ్రేడు 40 డిగ్రీలు దాటడం కూడ అప్పుడే.

పంటలకూ, ఎండలకూ కేకుతో ఏమి సంబంధమని అనిపించవచ్చు. సంబంధం ఉన్నది. పాలలోని కొవ్వు 35 డిగ్రీల దగ్గర పూర్తిగా కరిగి నూనెవలె అయిపోతుంది. క్రీము కేకుకు గిరాకీ హెచ్చుగా ఉండే కాలమూ, అది నిలువలేని కాలమూ పొదిలిలో ఒక్కటే అన్నమాట. ఇంట్లో కేకులు చేసి అమ్మి సంసారానికి ఆసరా కావాలనుకొనే గృహిణికి ఎదురయ్యే పెద్ద చిక్కు ఇది. వంటల పుస్తకాలు దీనిని గురించి మాట్లాడవు. సమాధానం వెదకవలసింది ఉన్నత పాఠశాల భౌతిక, రసాయన శాస్త్రాల పుస్తకాలలోనే.

ఇంటి వంటను బ్రతుకుతెరువు చేసుకోవడం తెలుగువారికి కొత్త కాదు. గోదావరి ఒడ్డున ఆత్రేయపురంలో, కాలిన కుండను బోర్లించి, బియ్యపు జావలో తడిపిన గుడ్డను దానిపై ఒక్కసారి పరచి లాగి, కాగితం వంటి రేకు తీస్తారు. నెయ్యి, పంచదార లేదా బెల్లపు పొడి చేర్చి మడిస్తే పూతరేకు. ఈ పని అక్కడ ఎన్నో కుటుంబాలకు కూడు పెడుతున్నది. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించింది. అయితే పూతరేకుకు ఉన్న సౌలభ్యం కేకుకు లేదు. పూతరేకులో నీరు దాదాపు లేదు. నీరు లేని చోట సూక్ష్మజీవులు పెరగవు. అందుచేత దానిని పెట్టెలో పెట్టి హైదరాబాదుకే కాదు, సముద్రాలు దాటించి కూడ పంపవచ్చు. క్రీము కేకు నిండా తడి ఉంటుంది. పొదిలిలో చేసిన కేకును పొదిలిలోనే అమ్మాలి. మహా అయితే కొనకనమిట్ల, మర్రిపూడి, దర్శి వరకు పంపవచ్చు. అది కూడ చేసిన రోజుననో మర్నాడో తినవలసిన వస్తువు.

మన దేశంలో కేకు కథను 1883 నుంచి చెబుతారు. కేరళలోని తలశ్శేరిలో మాంబళ్లి బాపు అనే బిస్కట్ల వ్యాపారి ఉండేవాడు. మర్డాక్ బ్రౌన్ అనే ఆంగ్ల తోట యజమాని చూపిన కేకును రుచిచూచి, ఆ క్రిస్మస్ పండుగకు అటువంటిదే చేసి ఇచ్చాడని ప్రతీతి. తెలుగు ఇళ్లలో మాత్రం కేకు చాలాకాలం బేకరీ అద్దాల పెట్టెలో చూచే వస్తువుగానే ఉండిపోయింది. మొదట దానిని ఇంటికి తెచ్చినది ప్రెషర్ కుక్కరు. అడుగున ఇసుక పోసి, మూతకున్న రబ్బరు చట్రం, విజిలు తీసివేసి, సన్నని మంట మీద ముప్పావుగంట ఉంచితే కేకు తయారవుతుందని కనిపెట్టిన తల్లులు ఎందరో ఉన్నారు. ఇసుక చేసే పని ఓవెను గోడలు చేసే పనే: వేడిని ఒక్కచోట పోగుపడనీయక నెమ్మదిగా, సమంగా అందించడం. ఈనాటికీ కరెంటు పోయినప్పుడు ఆదుకొనేది ఆ కుక్కరే.

కేకు పొంగే తీరు

కేకును పొంగించేది వంటసోడా అని అందరూ అంటారు. ఇది సగమే నిజం. సోడా వల్ల పుట్టే వాయువు కొత్త బుడగలను సృష్టించలేదు. ఉన్న బుడగలలోనికి చేరి వాటిని పెద్దవి చేయగలదు, అంతే. ఆ మొదటి బుడగలను పిండిలోనికి తెచ్చేది గిలకొట్టే చెయ్యి. వెన్న, పంచదార కలిపి గిలకొట్టేటప్పుడు పంచదార పలుకుల కొనలు వెన్నలోనికి గాలిని లాగుకొని పోతవి. గుడ్లను గిలకొట్టినా అంతే. తెల్లసొనలోని మాంసకృత్తులు గాలి చుట్టూ పలుచని పొరలుగా అల్లుకొంటవి.

ఓవెనులో పెట్టిన తరువాత మూడు వాయువులు పని ప్రారంభిస్తవి. మొదటిది, చిక్కుకొన్న గాలి. 27 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడెక్కితే ఛార్లెస్ నియమం ప్రకారం దాని ఘనపరిమాణం సుమారు నాలుగోవంతు పెరుగుతుంది. రెండవది, సోడా నుంచి వచ్చే బొగ్గుపులుసు వాయువు. మూడవది నీటి ఆవిరి. ఈ మూడింటిలో మనిషి కొలిచి వేసేది రెండవదే గనుక తప్పులు ఎక్కువగా అక్కడే జరుగుతవి.

84 గ్రాముల వంటసోడా తగినంత ఆమ్లంతో కలిస్తే 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ఆమ్లం లేక కేవలం వేడివల్లనే విడిపోతే అందులో సగం, అంటే 22 గ్రాములు మాత్రమే వస్తుంది. మిగిలినది సోడియం కార్బొనేటుగా మారుతుంది. అది బట్టలు ఉతకడానికి వాడే సోడా! కేకు సబ్బు రుచి కొట్టడానికి, లోపల పచ్చబారడానికి అదే కారణం. పొంగలేదని మరింత సోడా వేసేవారు ఈ లెక్కను తలక్రిందులుగా అర్థం చేసుకొన్నారన్నమాట. వారికి కావలసింది మరింత సోడా కాదు, కొంచెం పులుపు. ఒక చిన్న చెంచాడు, అంటే 5 గ్రాముల సోడా, సరిపడిన పులుపుతో కలిస్తే 27 డిగ్రీల వద్ద సుమారు ఒకటిన్నర లీటర్ల వాయువును ఇస్తుంది. ఒక కేకుకు అంత అవసరమే లేదు.

సోడాను, ఆమ్లాన్ని పొడిగా ఒకే డబ్బాలో ఉంచడమే బేకింగ్ పౌడరు. 1843లో ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి దీనిని తయారుచేశాడు. ఆయన భార్యకు ఈస్టు వేసిన రొట్టె పడేది కాదు. ఆమె కోసం ఈస్టు లేకుండ పొంగే రొట్టెకు దారి వెదికాడు. సోడాతో జత చేయడానికి వాడుకలోకి వచ్చిన ఆమ్లాలలో టార్టారిక్ ఆమ్లం ఒకటి. అది మన చింతపండులో పుష్కలంగా ఉన్నదే. బేకింగ్ పౌడరులో కొంత పిండి కూడ కలుపుతారు. అది తేమను పీల్చుకొని, సోడాను ఆమ్లాన్ని పొట్లాటకు దిగకుండ ఆపుతుంది. మూత సరిగా పెట్టని డబ్బాలో ఆ పొట్లాట ముందే జరిగిపోతుంది. తీరా కేకులో వేసేసరికి మిగిలేది బూడిదతో సమానం. కొత్త డబ్బా అయినా సరే, ఒక చెంచాడు పొడిని వేడినీళ్లలో వేసి చూడాలి. బుసబుస పొంగితే మంచిది. తరగతిలో పిల్లలకు చూపడానికి ఇంతకంటె చవుకైన ప్రయోగం మరొకటి దొరకదు. తెరచి ఆరు నెలలైన డబ్బాను, కొత్త డబ్బాను ప్రక్కప్రక్కన పెట్టి చూపితే మరీ మంచిది.

పుట్టిన వాయువును పట్టి ఉంచడానికి గోడలు కావాలి. గోధుమలోని పిండిపదార్థం ఉట్టి నీళ్లలో అయితే 60 డిగ్రీల దగ్గరనే ఉబ్బి చిక్కబడుతుంది. పంచదార కలిసినప్పుడు ఆ ఉష్ణోగ్రత 80 దాటిపోతుంది. గుడ్డులోని మాంసకృత్తులు కూడ రమారమి ఆ దశలోనే గట్టిపడడం పూర్తవుతుంది. బుడగలు ఉబ్బడం, గోడలు గట్టిపడడం ఈ రెండూ పోటీపడి ఒకే సమయానికి ముగియాలి. ఓవెను వేడి మితిమీరితే పైపొర ముందే గట్టిపడి, లోపలి వాయువు దానిని పగులగొట్టుకొని శిఖరంవలె లేస్తుంది. వేడి చాలకపోతే గోడలు గట్టిపడకముందే వాయువు జారిపోయి నడుమ గుంట పడుతుంది. మొదటి ఇరవై నిమిషాలలో తలుపు తెరచి చూడవద్దనడం ఇందుకే. చిన్న ఓవెనుల మీద ముల్లు 180 చూపినా లోపల 160 ఉండవచ్చు, 200 ఉండవచ్చు. ఓవెనులో పెట్టే చిన్న ఉష్ణమాపకం కొన్నవారికి, పాడైన ఒకటి రెండు కేకుల ఖరీదుతోనే దాని వెల గిట్టుతుంది.

మైదాలో నీళ్లు పోసి మర్దించితే గ్లూటెన్ అనే సాగే పదార్థం ఏర్పడుతుంది. పరోటాకు అది ప్రాణం. కేకుకు అది శత్రువు. మన అంగళ్లలో దొరికే మైదాలో మాంసకృత్తులు నూటికి పది పాళ్లు, ఆ పైన ఉంటవి. కేకు కోసం ప్రత్యేకంగా పట్టిన పిండిలో ఏడెనిమిది పాళ్లే. అందుకే గిన్నెడు మైదాలో రెండు చెంచాలు తీసివేసి, ఆ మేరకు మొక్కజొన్న పిండి కలుపుతారు. మైదా వేసిన తరువాత గిలకొట్టక గరిటెతో మడిచినట్లు కలుపుతారు. గుడ్డు తినని వారికి, శనివారం వేడుకలకు, కార్తీకమాసానికి గుడ్డు లేని కేకు అడుగుతారు. అప్పుడు పెరుగు పులుపు సోడాను విడదీస్తుంది. చిక్కని తీపి పాలు గుడ్డు చేయవలసిన పనిలో కొంత చేస్తవి. కొంతే. గుడ్డు లేని కేకు బరువుగా ఉండడం చేసేవారి లోపం కాదు.

గది వేడి అంటే ఎంత?

కేకు పుస్తకాలలో తరచుగా కనిపించే మాట ఒకటి ఉన్నది: వెన్న గది వేడిమి మీద ఉండాలి, కేకు గది వేడిమికి చల్లారిన తరువాత క్రీము పూయాలి. ఈ పుస్తకాలు వ్రాసినవారి గదులలో వేడి 20 డిగ్రీలు. పొదిలిలో మే నెలలో గది వేడి 36, 38 డిగ్రీలు. పుస్తకం తప్పు చెప్పలేదు, చదివినవారూ తప్పు చదవలేదు, గది మారింది.

20 డిగ్రీల వద్ద వెన్న మెత్తగా ఉంటుంది గాని కరగదు. దానిలోని కొవ్వులో రమారమి ఐదోవంతు గట్టి స్ఫటికాలుగా ఉంటుంది. ఆ స్ఫటికాలే గాలి బుడగలను పట్టి ఉంచుతవి. 35 డిగ్రీల వద్ద స్ఫటికాలు లేవు. నూనెను ఎంతసేపు గిలకొట్టినా గాలి నిలువదు. క్రీముకు కూడ ఇదే సూత్రం. గిలకొట్టిన క్రీము అంటే గాలి బుడగలచుట్టూ గట్టి కొవ్వు రేణువులు గోడ కట్టుకొన్న కట్టడం. పాల క్రీమును 10 డిగ్రీల లోపల గిలకొట్టితేనే ఆ గోడ లేస్తుంది. గిన్నెను, గిలకొట్టే కడ్డీలను కూడ ముందుగా రిఫ్రిజిరేటరులో ఉంచడం ఇందుకే. వేడి గిన్నె ఒక్కటే క్రీమును చెడగొట్టగలదు.

బేకరీలు ఎక్కువగా వాడే క్రీము పాలది కాదు. తాటిజాతికి చెందిన పామ్ చెట్టు గింజల నూనెను గట్టిపరచి చేసిన క్రీము అది. 20 డిగ్రీల వద్ద పాల కొవ్వుకంటె ఎంతో గట్టిగా ఉంటుంది గనుక కేకు మీద ఎక్కువసేపు నిలుస్తుంది. నూనెను గట్టిపరచే పద్ధతిలో ట్రాన్స్ కొవ్వులు పుట్టే ప్రమాదం ఉన్నది. అవి గుండెకు హాని చేస్తవి. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వులలో ఇవి నూటికి రెండు పాళ్లు మించరాదని నియమం వచ్చింది. డబ్బా మీద ముద్రించిన అంకెను చదివి కొనవలసిన బాధ్యత ఇంట్లో చేసేవారి మీద కూడ ఉన్నది. ఏ క్రీమైనా 42 డిగ్రీల ఎండలో నిలువదన్నది వేరే మాట.

కాబట్టి వేసవిలో పని వేళలు మారాలి. వెన్న గిలకొట్టడం, ఓవెను వెలిగించడం తెల్లవారుజామున, ఇల్లు ఇంకా చల్లగా ఉన్నప్పుడే ముగియాలి. కాలిన కేకు ఆరుబయటి వేడికి వచ్చిన తరువాత గట్టిగా చుట్టి రిఫ్రిజిరేటరులో పెట్టాలి. కేకు నిండా గాలి గదులే గనుక అది వేడిని మెల్లగా వదులుతుంది. పైన తాకితే చల్లగా ఉండి నడుమ వెచ్చగా ఉండడం మామూలు. పూసిన క్రీము జారిపోయే కేకులలో పెక్కు ఈ వెచ్చని నడుము వల్లనే జారుతవి. రెండు గంటలైనా ఆగడం మంచిది. అయితే క్రీము లేని ఉట్టి కేకును రోజులతరబడి రిఫ్రిజిరేటరులో ఉంచరాదు. ఉడికిన పిండిపదార్థం మళ్లీ గట్టిపడడం 4 డిగ్రీల పరిసరాలలోనే వేగంగా జరుగుతుంది. అట్లా ఉంచిన కేకు ఎండిపోకుండానే పాచిబారుతుంది.

ఇక కేకును చేరవేయడం. ఒక కిలో కేకును 4 డిగ్రీల వద్ద బయటకు తీసి, 24 డిగ్రీలు దాటకుండా అవతలివారికి అందించాలని అనుకొందాం. కేకు విశిష్టోష్ణం సుమారు 0.7 అనుకొంటే, 1000 గ్రాములు 20 డిగ్రీలు వేడెక్కడానికి 14,000 కేలరీలు కావాలి. బయటి గాలి ఈ వేడిని కేకుకు అందించకముందే మరొకటి మ్రింగివేయాలి. ఒక గ్రాము మంచుగడ్డ కరగడానికి 80 కేలరీలు పీల్చుకొంటుంది. అంటే 175 గ్రాముల మంచుగడ్డ ఆ పని చేయగలదు. పెట్టె గోడలలోనుంచి వచ్చే వేడిని కూడ కలుపుకొని అరకిలో మంచును మూత గట్టిగా ఉన్న సీసాలలో గడ్డకట్టించి, థర్మోకోల్ పెట్టెలో కేకు ప్రక్కన పెడితే, పొదిలి నుంచి మర్రిపూడికి మోటారు సైకిలు మీద వెళ్లినా కేకు చెదరదు. మంచు సీసాను కేకు పెట్టె మీద పెట్టడం మేలు; చల్లగాలి బరువు గనుక క్రిందికి దిగుతుంది.

అందం చెడడం చిన్న నష్టం. పెద్ద నష్టం మరొకటి ఉన్నది. 5 డిగ్రీలకు, 60 డిగ్రీలకు నడుమ సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతవి. చేతి పుండ్లలో, ముక్కులో ఉండే స్టాఫిలోకోకస్ అనే సూక్ష్మజీవి క్రీములోనికి చేరితే, అది విడిచే విషం వాంతులు కలిగిస్తుంది. కేకు కాలుతుంది గాని, పైన పూసే క్రీము మళ్లీ పొయ్యి ఎక్కదు. చేతులే దానికి కాపలా. చేతికి గాయమున్న రోజున క్రీము పని పెట్టుకోకపోవడం ఉత్తమం, ఎంత పెద్ద ఆర్డరు వచ్చినా సరే. ఊరు చిన్నది, ఒక పుట్టినరోజు పందిట్లో నలుగురు పిల్లలకు వాంతులైతే ఆ ఇంటి కేకును మళ్లీ ఎవరూ అడగరు.

గంటకు ఎంత?

పొదిలిలో ఒక గృహిణి కిలో క్రీము కేకును 600 రూపాయలకు అమ్ముతున్నదని అనుకొందాం. ఈ దిగువ అంకెలన్నీ లెక్క చూపడానికి వేసినవే. ఎవరి ఊరి ధరలు వారు వేసుకోవాలి. మైదా, పంచదార, గుడ్లు, నూనె, పాలు, పరిమళాలు కలిసి 75 రూపాయలు; క్రీము 90; పెట్టె, అడుగు అట్ట, కొవ్వొత్తి, చిన్న కత్తి 45; కరెంటు 15. మొత్తం 225. మిగిలినది 375 రూపాయలు. పెక్కుమంది ఇక్కడ లెక్క ఆపివేసి, ఇదంతా లాభమనుకొంటారు.

ఓవెను, గిలకొట్టే యంత్రం, తిరుగుడు పీట, పళ్లాలు అన్నీ కలిసి 18,000 రూపాయలైనవని, మూడేళ్లు మన్నుతవని అనుకొంటే, నెలకు 20 కేకుల చొప్పున 720 కేకులు. కేకుకు 25 రూపాయల అరుగుదల. పదిహేనింటిలో ఒకటి పాడవుతుందనుకొంటే దాని పాలు 15. పెట్రోలు 30. ఇక మిగిలినది 305. పిండి కలిపి కాల్చడం, క్రీము పూసి అలంకరించడం, అంగడికి పోవడం, గిన్నెలు కడగడం, ఫోనులో ఏ రంగు, ఏ పేరు అని బేరమాడడం అన్నీ కలిపితే మూడున్నర గంటలు. గంటకు 87 రూపాయలు.

ఎదుటి బేకరీతో పోటీకి దిగి ధరను 450 చేశారనుకొందాం. ధర తగ్గినది నాలుగోవంతే. గృహిణికి మిగిలేది మాత్రం 305 నుంచి 155కు, అంటే సగానికి పడిపోయింది. గంటకు 44 రూపాయలు. మైదా ధర, పెట్టె ధర, కరెంటు ధర తగ్గవు గదా. తగ్గేది ఆమె కూలి ఒక్కటే. ఇంటి వ్యాపారంలో తన శ్రమకు విలువ కట్టుకోకపోవడం మన స్త్రీలలో అలవాటైపోయింది. లెక్కల పుస్తకంలో ఆ వరుస లేకపోవడంవల్ల నష్టం కూడ కనిపించదు.

దీనికి విరుగుడు, ఒకే రోజున రెండు ఆర్డర్లు కూర్చుకోవడం. ఓవెనులో రెండు పళ్లాలు పడితే కాల్చే వేళ ఒక్కటే, అంగడి ప్రయాణం ఒక్కటే. రెండు కేకులకు ఏడు గంటలకు బదులు ఐదు గంటలు పడితే గంట కూలి 122 అవుతుంది. మరొక పొరపాటు పళ్లెం కొలతలో జరుగుతుంది. ఆరంగుళాల కేకును ఎనిమిదంగుళాలకు పెంచితే కొలత మూడోవంతు పెరిగినట్లు కనిపిస్తుంది. వృత్త వైశాల్యం వ్యాసం వర్గాన్ని అనుసరిస్తుంది: 36కు 64. ఎత్తు మారకపోయినా పిండి దాదాపు 1.8 రెట్లు కావాలి. అంగుళాన్ని బట్టి ధర చెప్పేవారు పెద్ద కేకు మీద నష్టపోతున్నట్లు తమకే తెలియదు. పదవ తరగతి విద్యార్థికి ఈ లెక్క నోటికి వస్తుంది. ఇంట్లో అమ్మకు చెప్పినవాడు ఎంతమందిలో ఒకడో.

అన్ని నెలలూ ఒక్కతీరు ఉండవు. వర్షాలు రాక, పైరు ఇంకా చేతికందక ఊరు బిగబట్టుకొని ఉండే నెలలలో 20 కేకులు 8కి దిగవచ్చు. అన్ని నెలలూ అట్లాగే ఉంటే అరుగుదల కేకుకు 62 రూపాయల పైకి పోతుంది. నెల రాబడి 6,100 నుంచి 2,140కి జారుతుంది. అందుచేత మొదటి ఆర్డర్లు చూచి మురిసి పెద్ద ఓవెను అప్పుతో కొనడం తొందరపాటు. ఒకే మనిషి చేసే పనిలో ముందుగా ఇరుకయ్యేది ఓవెను కాదు. రిఫ్రిజిరేటరులో జాగా, ఆ తరువాత చేతులు. అప్పు చేయక తప్పనప్పుడు దారులు లేకపోలేదు. డ్వాక్రా సంఘాల పొదుపు ఉన్నది. 2015లో ప్రారంభమైన ముద్రా పథకం శిశు తరగతిలో 50,000 రూపాయల వరకు అప్పుకు వీలు కల్పించింది. 2020లో కేంద్రప్రభుత్వం చిన్న ఆహార పరిశ్రమల కోసం ప్రారంభించిన పథకంలో, బ్యాంకు అప్పుతో పెట్టే పెట్టుబడికి నూటికి 35 వంతులు, పది లక్షలు మించకుండా, సహాయంగా నిర్ణయించారు.

ఇంట్లో చేసినా అమ్మకానికి చేసినది గనుక చట్టం వర్తిస్తుంది. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. దాని నియమాలు 2011 ఆగస్టులో అమలులోకి వచ్చినవి. ఏడాదికి 12 లక్షలు మించని చిన్న వ్యాపారులు 100 రూపాయల వార్షిక రుసుముతో పేరు నమోదు చేసుకొంటే చాలునని ఆ నియమాలు చెప్పినవి. ఇచ్చే సంఖ్యలో 14 అంకెలు ఉంటవి. పెట్టె మీద అది ఉంటే కొనేవారికి నమ్మకం. 2025 సెప్టెంబరు 22 నుంచి కేకుల మీద అమ్మకపు పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఇంటి వ్యాపారికంటె బేకరీకే దీనివల్ల మేలు ఎక్కువ. పోటీ కొంత బిగిసిందనే చెప్పాలి.

డిసెంబరులో పరిస్థితి వేరు. క్రిస్మస్, ఆ వెంటనే కొత్త సంవత్సరపు అర్ధరాత్రి. వాతావరణం చల్లగా ఉంటుంది, వెన్న చెప్పినమాట వింటుంది. ఆ వారంలో చేతనైనన్ని క్రీము కేకులు ఒప్పుకోవచ్చు. ఏప్రిల్, మే నెలలలో మాత్రం వచ్చిన ప్రతి ఆర్డరుకు క్రీము పూయవలసిన అవసరం లేదు. వెన్నకు బదులు నూనె పోసి చేసిన ఉట్టి కేకు, ఎండు ద్రాక్ష, జీడిపప్పు వేసిన కేకు, కొర్రపిండి కొంత కలిపిన కేకు ఎండకు కరగవు; పెట్టెలో మంచు అడగవు. నూనె మొదటినుంచీ కరిగే ఉన్నది గనుక గది వేడిమితో దానికి పేచీ లేదు. అందులో గాలిని పట్టే పని గుడ్లకు, పొంగించే పని బేకింగ్ పౌడరుకు వదలాలి. అలంకారం కావాలన్నవారికి చల్లని పెట్టెలో క్రీమును విడిగా ఇచ్చి, కోసే ముందు పూసుకొమ్మని చెప్పవచ్చు. పూసిన తరువాత మిగిలిన ముక్కలను రెండు గంటలలోపల రిఫ్రిజిరేటరులో పెట్టాలని, వేసవిలో అయితే గంటలోపలనే పెట్టాలని, ఆ పెట్టె మూత మీద తెలుగులో వ్రాసి అంటించడానికి అయ్యే ఖర్చు ఒక చిన్న కాగితం.